కడప నుంచి మీకు ఏడో మెయిల్, ఇదన్నా మనిషి చదవాలి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నా ఆరు మెయిళ్లకూ "మీ సందేశం అందింది, 48 గంటల్లో సంప్రదిస్తాం" అని మీ కంప్యూటర్ ఠంచనుగా జవాబిచ్చింది. మనుషులెవరూ ఇవ్వలేదు. ఇంగ్లీషులో మర్యాదగా రాసి రాసి విసుగొచ్చి ఇది తెలుగులో రాస్తున్నా, ఎవరితోనైనా చదివించుకోండి.

కడపలో నాది చిన్న షూటింగ్ రేంజ్. పిస్టల్, పెల్లెట్లు మేమే ఇస్తాం, పిల్లలు గంటకింతని కట్టి కాలుస్తారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక రద్దీ పెరిగితే మీ దగ్గర నాలుగు ఎయిర్ పిస్టళ్లు కొన్నా. అద్దెకిచ్చే రేంజ్ అనీ, రోజంతా చేతులు మారుతూనే ఉంటాయనీ ముందే చెప్పా. "నిశ్చింతగా తీసుకోండి సార్" అన్నాడు మీ సేల్స్ అబ్బాయి.

ఇప్పుడు రెండింటికి గాలి లీకవుతోంది. సాయంత్రం సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడికి గాలి నింపి పెడితే పొద్దునకు మీటర్ ముల్లు కింద పడుకుని ఉంటుంది. గాలి బయటకు పోకుండా ఆపే సీళ్లు అరుగుతాయని నాకూ తెలుసు, అన్ని షాట్లు కాలిస్తే ఏదైనా అరుగుతుంది. నా బాధ అది కాదు.

మొదటిసారి ఫోన్ చేస్తే ఒకమ్మాయి టికెట్ నంబరు సగం చెప్పేలోగా లైను కట్టయింది. రెండోసారి ఎత్తినాయన "సిలిండర్ విప్పి మళ్లీ బిగించి చూశారా?" అన్నాడు, అదేదో వైఫై డబ్బా అయినట్టు. మూడోసారి తెలుగాయనే దొరికాడు, హమ్మయ్య అనుకున్నా. ఊరి పేరు చెప్పగానే "కడపా? మీకు గన్నులెందుకండీ, బాంబులుంటాయిగా!" అని నవ్వాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే పదమూడేళ్ల పిల్ల, తన వంతు పిస్టల్ కోసం ఇయర్ మఫ్స్ మెడలో వేసుకుని నిలబడి ఉంది. "ఆయన ఎందుకు నవ్వుతున్నాడు సార్?" అంది. ఏం చెప్పమంటారు?

తర్వాత సర్వీస్ సెంటర్‌కు పంపమన్నారు. కొరియర్ అబ్బాయి బిల్లు మీద 'పిస్టల్' అని చదివి డబ్బాను కౌంటర్ మీద ఇవతలికి నెట్టేశాడు. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ పిస్టలప్పా అన్నా వినలేదు. ఇంకోచోట పోలీస్ స్టేషన్ నుంచి లెటర్ తెమ్మన్నారు. మీకు చెబితే "అది మీ సమస్య సార్" అన్నారు. మరి అమ్మినప్పుడు నా గుమ్మం దాకా ఎలా వచ్చిందండీ, నడిచొచ్చిందా?

చివరికి ఒక మెసేజ్: అద్దెకు వాడారు కాబట్టి వారంటీ లేదు. దాని వెనకే ఇంకోటి: "మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?"

తొమ్మిదేళ్లుగా మీ పెల్లెట్లే కొంటున్నా. అనంతపురం, కర్నూలులో ఉన్న స్నేహితులతో కూడా మీవే కొనిపించిన తెలివైనవాణ్ని. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టలే పోటీ మధ్యలో మొరాయించింది, వస్తువన్నాక పాడవుతుందని పిల్లలకు నేనే చెప్తుంటా. కానీ అక్కడ దాన్ని బాగుచేసి ఆమెను మళ్లీ లైన్‌లోకి పంపారు, స్టార్లు అడగలేదు.

సీల్ కిట్లు పంపుతారో, కొత్తవే ఇస్తారో మీ ఇష్టం. ముందు ఆ నవ్వినాయన ఫోన్ చేసి ఆ పిల్లకు సారీ చెప్పాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తా, అక్కడితో ఆగను. అద్దె వ్యాపారమని తప్పించుకుందామనుకుంటే, పొట్టకూటికి సొంతంగా నడుపుకునేవాణ్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా వినియోగదారుడనే అంటుంది. నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. అప్పుడు మీ లాయరు కడపకు రావాలి, ఆయన్ని కొరియర్‌లో పంపడం కుదరదు. వచ్చేటప్పుడు సీల్ కిట్లు తెమ్మనండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, కడప