పోచంపల్లి అని అమ్మితే పోచంపల్లి చీరే ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆడపిల్లలు చీర కట్టడం మానేస్తున్నారని మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. మా ఇంట్లో అయితే అలా లేదు. మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, వారమంతా జీన్సూ కుర్తీలే, కానీ పోయిన దసరాకి ఇంటికి రాగానే బీరువా తెరిచి మా అమ్మ కట్టిన ముదురు ఎరుపు గద్వాల చీర తీసుకుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఇన్నేళ్లయినా ఆ రెండూ కలిసిన చోట ఒక్క పోగు విడలేదు. అమ్మదీ నాదీ దానిదీ ముగ్గురివీ మూడు కొలతలు, జాకెట్టు మాత్రం కొత్తది కుట్టించాం, చీర అలాగే సరిపోయింది. అమ్మమ్మ బట్టలు మనవరాలు మురిసిపోతూ కట్టుకోవడం చీరలో తప్ప ఎందులో కుదురుతుంది చెప్పండి!

నా బాధ వేరే. అంత ఇష్టపడుతోంది కదా అని పుట్టినరోజుకి పోచంపల్లి చీర కొందామని ఒక పెద్ద షాపుకి వెళ్లాం. "ఒరిజినల్ పోచంపల్లి మేడమ్" అని 4,800 తీసుకున్నారు. ఫాల్ కుట్టమని ఇస్తే టైలరమ్మ చీర తిరగేసి చూసి "ఇది ప్రింటు కదమ్మా" అంది. నిజమే, వెనకవైపు రంగు పాలిపోయి ఉంది. పోచంపల్లిది ఇక్కత్ నేత, అసలు ఇక్కత్‌లో ముందు దారానికే ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, ఆ డిజైన్ అంచులు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. షాపుకి మళ్లీ వెళ్తే బిల్లు మీద ఉన్నది "శారీ" అన్న ఒక్క మాటే, వాపసు తీసుకోం అన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని సిద్ధం చేయాలంటే, మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు తిప్పాలి, ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. భుజాలు పట్టేసి అవస్థపడుతున్న తల్లిని చూడలేకే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఇళ్లకి చేరాల్సిన డబ్బు ప్రింటు బట్టకి పోతోంది. ప్రింటు చీర తప్పని నేననను, రోజూ ఇంట్లో నేనూ అదే కడతాను, కానీ ప్రింటు అని చెప్పి ప్రింటు ధరకే అమ్మాలి కదా!

పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందన్న గుర్తింపు ఉంది. కొన్ని రకాల బట్టలు చేనేతకే అని 1985లోనే చట్టం చేశారు, అందులో చీరా ఉంది. అయినా షాపులో అడిగే దిక్కు లేదు. మగ్గం నేతా, మరమగ్గమా, ప్రింటా అన్నది ప్రతి బిల్లు మీదా రాయాలని అధికారులు గట్టిగా పట్టుబట్టాలి.

మీకూ ఒక మనవి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం రోజు అసలు పోచంపల్లి చీర ముందూ వెనకా, ప్రింటు చీర ముందూ వెనకా నాలుగు ఫొటోలు పక్కపక్కనే పెద్దగా వేయండి, కత్తిరించి పర్సులో పెట్టుకుని షాపుకి వెళ్తాం.

- ఒక పాఠకురాలు, నల్గొండ