ముక్కు లేని నెమలి

అమీర్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

తిట్టుకో. నీ రెండు ఉత్తరాలూ అందాయి, రెండూ దిండు కిందే ఉన్నాయి. నాకు బద్ధకం అని రాశావు కానీ అది కాదురా. రాయడానికి ఏమీ లేదు. "ఇంకా రాలేదు" అని ఎన్నిసార్లు రాయను? నీకు నాసిక్‌లో ఆర్మీ ట్రైనింగు, తెల్లవారకముందే పరుగు, పరేడు. నాకిక్కడ తెల్లవారితే హాస్టల్ ఉప్మా. పోల్చుకోవడానికి కూడా బాగోలేక ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేట్టున్నాను. ఫోన్లో చెబుదామంటే ఆదివారం నీ చేతికిచ్చే ఆ కాసేపు మీ అమ్మకే చాలదు.

ముందు ఊరి కబుర్లు గబగబా. అందరూ బాగున్నారు. చెల్లి ఇంటర్ రెండో ఏడు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఓడరేవులో మన టీ బండి లేదట, తీసేశారట. "కవర్" గాడికి పెళ్ళి కుదిరింది. అవును, వాడికే. నేనూ అలాగే నవ్వాను. అయిపోయాయి.

అసలు సంగతి. నీ దొంగతనం బయటపడింది మామా. పదకొండేళ్ళ తర్వాత, మాదాపూర్‌లో, ఏడో అంతస్తులో, ఏసీ గదిలో. బయటపెట్టింది నేనే.

ఆగు, మొదటినుంచీ చెప్తా. లేకపోతే రుచి ఉండదు.

నేను మైత్రీవనం వెనక సందులో జిరాక్స్ షాపులో చేరానని చెప్పానా? చెప్పలేదనుకుంటా. ఇంట్లో కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. పొద్దున జావా ప్రోగ్రామింగ్ క్లాసు, తర్వాత ఆ జావా నోట్సుకే స్పైరల్ బైండింగ్. ఇప్పుడు ఈ ఉత్తరం కూడా షాపులోనే రాస్తున్నా. కరెంటు పోయింది, మిషన్లన్నీ చల్లబడి కూర్చున్నాయి, ఓనర్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

ఇక్కడ కూర్చుంటే ఒక వింత తెలుస్తుంది మామా. రోజుకి ఎన్ని రెజ్యూమేలు నా చేతిమీదుగా పోతాయో లెక్కలేదు. పేరు, ఫోటో మార్చితే అన్నీ ఒకటే. అందరి బలం హార్డ్ వర్కే. అందరి హాబీ పాటలు వినడమే. చివరికి అచ్చుతప్పు కూడా ఒకటే. ఎవడో ఎప్పుడో "రెస్పాన్సిబుల్"లో ఒక అక్షరం మింగాడు, ఈ సందులో ఇంతవరకూ ఆ అక్షరం ఎవరికీ దొరకలేదు. నా దాంట్లో కూడా లేదు. నేనూ వాడి దగ్గర కాపీ కొట్టినవాడి దగ్గర కాపీ కొట్టిన వాణ్ణే.

మధ్యలో మూడు నెలలు నేను బాగాలేను. నీకు రాయలేదు. సంక్రాంతికి ఊరు ఎందుకు రాలేదని అడిగావు కదా, పరీక్ష ఉందని చెప్పాను. పరీక్షా లేదు, పాడూ లేదు. మా పెద్దనాన్న "ఏరా అబ్బాయ్, ఎంతిస్తున్నారు?" అంటాడని భయం. పండక్కి గదిలో ముగ్గురూ ఊళ్ళకి పోతే ఒక్కణ్ణే నాలుగు మంచాల మధ్య పడుకుని ఫ్యాన్ చూశాను. నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తితే ఆయన ఏమీ అడగడు మామా, "తిన్నావా" అంటాడు అంతే. అదే కష్టం.

హాస్టల్ గోడమీద ఒక పోస్టర్ ఉంది. రోజూ అద్దం ముందు నిలబడి "నేను గెలుస్తాను" అని పదిసార్లు అనుకోవాలట. అనుకున్నాను, పదకొండు రోజులు. అద్దంలో వాడు నమ్మలేదు.

ఆ రోజుల్లోనే ఒక కన్సల్టెన్సీ వాడు తగిలాడు. డబ్బు కడితే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు, అన్నీ తనే పుట్టిస్తాడట. "ఫ్రెషర్ అంటే ఎవడూ తలుపు తియ్యడు తమ్ముడూ" అన్నాడు. మా గదిలో ఒకడు కట్టేశాడు కూడా. నేను కట్టేవాణ్ణే, డబ్బు లేక ఆగాను. నీ దగ్గర గొప్పలు ఎందుకు?

సరే, మంగళవారం. మాదాపూర్‌లో ఫ్రెషర్లకి ఇంటర్వ్యూలు అంటే మెట్రో ఎక్కి వెళ్ళాను. గదిలో పక్క మంచం వాడి బూట్లు వేసుకున్నాను, ఒక నంబరు పెద్దవి, ముందు పేపర్ కుక్కాను. పొద్దున రాత పరీక్ష, రెండు ప్రోగ్రాములు. ఒకటి రాశాను, రెండోది సగంలో టైం అయిపోయింది. అయినా లోపలికి పిలిచారు. బల్ల అవతల ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. ముందు మూత తీసిన డబ్బా, అందులో సగం తిని వదిలేసిన పెరుగన్నం. పాపం ఎప్పట్నుంచి కూర్చుందో.

నేను ఊపిరి తీసుకుని మొదలెట్టాను. "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్, మైసెల్ఫ్..." ఆవిడ చెయ్యెత్తింది. తెలుగులోనే అంది, "బాబూ, నీకంటే ముందు వచ్చిన ఏడుగురికీ బలహీనత ఒక్కటేనట. పనిలో పడితే అన్నం కూడా గుర్తుండదట. నీకూ అంతేనా?"

మామా, నేను సరిగ్గా అదే బట్టీపట్టి వచ్చాను. నాకు నోట మాట లేదు. ఆ పెరుగన్నం కనిపించింది. "లేదు మేడమ్, నాకు అన్నం గుర్తుంటుంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వి, డబ్బా మూతపెట్టి, "నువ్వు కనిపెట్టి సరిచేసిన బగ్ ఒకటి చెప్పు, తెలుగులోనే చెప్పు" అంది.

బగ్గా? ప్రోగ్రాంలో తప్పా? మా కాలేజీ ప్రాజెక్టు ఎంతకి కొన్నామో నీకు తెలుసుగా! దాన్ని తెరిచి చూసిన వాడెవడు? చెమటలు. ఏదో ఒకటి చెప్పాలి. అప్పుడు, ఎలా వచ్చిందో తెలీదు, నోట్లోంచి "మేడమ్, మా ఇంట్లో మగ్గం ఉంది" అని వచ్చేసింది.

అర్థమైంది కదూ ఎటు పోతున్నానో? ఐదో తరగతి వేసవి సెలవులు. నీ సైకిల్. నా సైకిల్. టపటపటప.

మొత్తం చెప్పేశాను. నాన్న జకార్డు మగ్గం, దానిమీద 120 హుక్కులు, పైన దండలా వేలాడే చిల్లుల అట్టలు. రెజ్యూమే వెనక్కి తిప్పి బొమ్మ గీశాను. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, హుక్కు కదలదు, తొక్కుడు చెక్క తొక్కితే ఆ పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, హుక్కు తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. పేక, అంటే అడ్డపోగు, ఒకసారి వేస్తే ఒక అట్ట. చివరి అట్ట అయిపోతే మళ్ళీ మొదటిది వస్తుంది, అంచంతా అవే నెమళ్ళు మళ్ళీ మళ్ళీ. "ఫర్ లూపు మేడమ్" అన్నాను. ప్రోగ్రాంలో ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేదాన్ని అలా అంటారులే. ఆ మాట నేను అనుకుని అనలేదురా, అంటుంటే అప్పుడే నాకూ తెలిసింది. చిల్లు అంటే ఒకటి, లేకపోతే సున్నా. అలాంటివి ఎనిమిది కలిస్తే ఒక బైటు, 120 చోట్లు అంటే అట్టకి 15 బైట్లు. నాన్న నెమలి డిజైన్ 200 అట్టలు. మొత్తం 3000 బైట్లు. నేను మూడేళ్ళు బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఆ మగ్గం పక్కనే చాప వేసుకుని పడుకుని, ఒక్కసారి కూడా...

సరే. ఆవిడ "మరి బగ్?" అంది.

కొట్టించి తెచ్చిన కొత్త అట్టలు ఇంకా కుట్టకుండా కట్టగా ఉంటే, సైకిల్ చువ్వలకి పెట్టుకుంటే శబ్దం బాగా వస్తుందని నువ్వు నాలుగు లాగావు. (నాలుగూ నువ్వే. రెండు నేను తీశానని ఇంకా వాదిస్తే నీ ఇష్టం.) అమ్మ ఆ రాత్రి కరెంటు లేక దీపం పెట్టుకుని కుట్టింది, నంబర్లు చూసుకోలేదు. నాన్న మూరెడు నేసేసరికి ప్రతి నెమలికీ ముక్కు లేదు. ఒక్కదానికి లేకపోతే పోగు తెగిందనుకోవచ్చు. అన్నిటికీ లేదంటే తప్పు నేతలో లేదు, అట్టల్లో ఉంది. నాన్న మగ్గం దిగి, అట్టల మీద నంబర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి 36 తర్వాత 41 దగ్గర ఆగాడు. తర్వాత బయటికొచ్చి సైకిళ్ళ వైపు చూశాడు.

ఆవిడ పక్కగదిలోంచి ఇంకొకాయన్ని పిలిచింది. "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. ఆయనకి బోలెడు సంగతులు తెలుసు. ఈ అట్టల మగ్గం 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన చేశాడట, అందుకే ఆ పేరు. దాన్ని చూసే ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడట. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా చిల్లుల అట్టల మీదే లెక్కించారట. నేను జకార్డు అంటే జాకెట్టు లాంటి మాటేదో అనుకునేవాణ్ణి మామా, నవ్వకు.

మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. నేను ఒక్కసారి కూడా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించలేదు.

సాయంత్రం నాలుగున్నరకి తలుపుమీద లిస్టు అంటించారు. పన్నెండు పేర్లు. నాది లేదు.

అవును, లేదు. రెండో ప్రోగ్రాం రాయనివాళ్ళని తీసుకోలేదు. న్యాయమే. కిందికి దిగి, ఇప్పుడు ఏడుపు వస్తుందేమో అని కాసేపు మెట్రో మెట్ల దగ్గర నిలబడి చూశాను. ఆకలేసింది. పునుగులు ప్లేటు తిన్నాను, ఇంకో ప్లేటు తిన్నాను. ఆ లెక్కన నాకు ఉద్యోగం వచ్చినట్టే ఉంది మొహం, బండివాడు "ఏం తమ్ముడూ, సెలెక్టా?" అన్నాడు. కాదన్నాను. వాడికి అర్థం కాలేదు. నాకూ సరిగ్గా కాలేదనుకో.

రాత్రి నాన్నకి నేనే ఫోన్ చేశాను. ఈ వానలకి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చాయట, వారంగా పని లేదు, ఖాళీగా ఉన్నాడు. మొత్తం చెప్పాను, రాలేదని కూడా. ఆయన అంతా విని, "ఆ అట్టలు తీసింది వాడే కదా?" అన్నాడు.

మామా, ఆయనకి తెలుసు! మొదటినుంచీ తెలుసు! మరి ఆ రోజు తన్నులు నాకెందుకు అంటే "పరాయి పిల్లాణ్ణి కొడతామా" అన్నాడు. నువ్వు నాకు పదకొండేళ్ళ బాకీ. వడ్డీతో.

తర్వాత కాసేపు ఆగి, "అట్టకి ఎన్ని అన్నావు? పదిహేనా?" అని అడిగాడు. 15 అన్నాను. "మరి 240 హుక్కులదైతే 30 అన్నమాట" అన్నాడు. ఆ గొంతు...

కన్సల్టెన్సీ వాడికి వద్దని చెప్పేశాను. నీతి కాదురా. రెండేళ్ళు ఎక్కడో పనిచేశానని అబద్ధం చెబితే ఇక ఆ రెండేళ్ళ కథే చెప్పాలి, నెమలి కథకి చోటుండదు. రెజ్యూమేలో హార్డ్ వర్క్ కొట్టేశాను. ఆ పోయిన అక్షరం కూడా పెట్టాను, ఈ సందులో మొదటివాణ్ణి నేనే. రోజూ ఆ రెండోరకం ప్రోగ్రాములే చేస్తున్నా, టైం పెట్టుకుని. మొన్న ముప్పావుగంట పట్టింది, నిన్న అరగంట. ఇంకా చాలదు.

నీ రెండో ఉత్తరంలో చివర రాశావు చూడు, నాలుగేళ్ళ తర్వాత అగ్నివీరుల్లో 100కి 25 మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళలో నేనుంటే ఏంటి అని. దానికి నా దగ్గర ఏం లేదు మామా. అబద్ధం చెప్పను. కానీ నువ్వు ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాశావు, నాకు కనిపించింది. వచ్చే ఉత్తరంలో అక్కడ నువ్వు చేసే పని ఏదైనా ఒకటి, నాకు చచ్చినా రానిది, మొదటినుంచి చివరిదాకా రాయి. ఎలా చేస్తారో రాయి. రాసి చూడు, నాకోసం కాదు.

దీంతోపాటు ఒక కాగితం పెడుతున్నా. నాన్న చేత ఫోన్లో చిల్లులు చదివించుకుని, నాలుగు రాత్రులు కూర్చుని సున్నాలు ఒకట్లు కొట్టి, ప్రోగ్రాం రాసి ఇక్కడే ప్రింటు తీశాను. 37 నుంచి 40 దాకా కావాలనే వదిలేశా. నీ పెట్టె మూత లోపల అంటించుకో, ఎవడైనా ఏంటిది అని అడిగితే

కరెంటొచ్చింది. ఓనర్ లేచాడు. 80 స్పైరల్ బైండింగులట, ఆరింటికల్లా కావాలట. మిగతాది మళ్ళీ