బోదకాలు మాత్రలు: పంచారు సరే, మింగారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మళ్ళీ బోదకాలు మాత్రలు పంచే రోజులు వస్తున్నాయి. మా బరంపురంలో ఆ పని ఎలా జరుగుతోందో రాయాలనిపించింది.

పంచే ఆవిడ పగలు పదకొండింటికి వస్తుంది. ఆ వేళకి ఇంట్లో అత్తగారు తప్ప ఎవరుంటారు? ఇంటిల్లిపాదికీ లెక్కకట్టి మాత్రలు పెద్దావిడ చేతిలో పెట్టి, గోడ మీద సుద్దముక్కతో గుర్తు గీసి పక్కింటికి వెళ్ళిపోతుంది. ఆవిణ్ణి అని లాభం లేదు, వార్డంతా తిరగాలి కదా. మాత్రలేమో ఫ్రిజ్ మీద, పాత కరెంటు బిల్లుల కింద చేరతాయి. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన కొడుకు "నాకేం రోగం, నేనెందుకు వేసుకోవాలి?" అంటాడు. రిజిస్టరులో మాత్రం అతను మింగేసినట్టే.

అతని ప్రశ్నకి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పడం లేదు. ఈ మందు ముఖ్యంగా బాగున్నవాళ్ళ కోసమే. బోదకాలు తెచ్చే పురుగు ఒంట్లో చేరాక ఏళ్ళ తరబడి పైకి ఏమీ తెలియదు. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతుంటే, రాత్రే కుట్టే క్యూలెక్స్ దోమ వాటిని తీసుకెళ్ళి ఇంకొకరికి అంటిస్తుంది. ఆ దోమ పెరిగేది మురుగునీళ్ళలో. మా వీధి కాలవల సంగతి నేను వేరే చెప్పాలా? కాలు ఏనుగుకాలయ్యాకో, వరిబీజం దిగాకో వేసుకుంటే పాత వాపు తీయదు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2027కల్లా దేశంలో ఈ జబ్బు లేకుండా చేస్తామని కేంద్రం అంటోంది. ఫ్రిజ్ మీది మాత్రలు ఆ 65లోకి రావు.

భయం కూడా ఉంది. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటాయి. ఒంట్లోని పురుగులు చస్తున్నప్పుడు వచ్చే బాధ అది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ మాట ముందే చెప్పి, ఫోన్ నంబరున్న చీటీ ఒకటి చేతిలో పెడితే వాట్సాప్ పుకార్లు సగం చల్లారతాయి. ఈ మాత్రల్లో ముఖ్యమైన డీఈసీ 1940ల నుంచి వాడుతున్న మందు. కొన్ని జిల్లాల్లో దానితో కలిపి ఇస్తున్న ఐవర్‌మెక్టిన్‌నైతే కరోనా రోజుల్లో ఎందరో వెతికి వెతికి కొనుక్కున్నారు. డబ్బిచ్చి కొంటే మందు, ఊరికే ఇస్తే అనుమానం!

జనం ఉన్నచోటికి, ఉన్న వేళకి మాత్రలు రావాలని నా మనవి. బడాబజారు బట్టల షాపుల్లో కుర్రాళ్ళు పొద్దున వస్తే మళ్ళీ రాత్రికే ఇంటికి. మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపుకే వచ్చి, ఎత్తును బట్టి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కూడా ఉంటే కొలిచే కర్ర గోడకి ఆనించి, ఎదురుగా మింగించి వేలికి సిరాచుక్క పెడితే అరగంట పని. ఖాళీ కడుపున వేసుకోకూడదు కాబట్టి ఆ వేళే మంచిది కూడా. మగ్గాల ఇళ్ళకి, ఆటోస్టాండ్లకి, హాస్టళ్ళకి కూడా ఇలాగే వెళ్ళాలి. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. అక్కడ అసోసియేషన్ ప్రెసిడెంటు అందరి ముందు మింగితే తక్కినవాళ్ళు దిగివస్తారు. సూరత్ పవర్‌లూముల్లో పనిచేసే మా గంజాం వాళ్ళు మాత్రలు పంచే రౌండు జరిగేటప్పుడు ఊళ్ళో ఉండరు. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతరకి చాలామంది వస్తారు. ఆ సందట్లో ఒక శిబిరం పెడితే ఏం పోయింది?

ఇంకో చిన్న మాట. కరపత్రాలు తెలుగులోనూ వేయించాలి. మా వీధుల్లో పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుపడ్డవాళ్ళకి ఇవ్వకూడదన్న సంగతి కూడా అందులోనే ఉంటుంది మరి.

రౌండు ముగిసిన వారంలోగా ఏ వార్డులో ఎంతమంది మింగారో కార్పొరేషన్ ఆఫీసు ముందు బోర్డు మీద రాయించమని, ఆ లెక్క మాత్రలు పంచినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి అడిగి రాసుకున్నదై ఉండాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి,
బడాబజారు, బరంపురం, గంజాం జిల్లా (ఒడిశా)