కోహ్లీ వస్తే గేటు మూయడమేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 డిసెంబరు 24న బెంగళూరులో ఆంధ్ర జట్టు ఢిల్లీతో విజయ్ హజారే ట్రోఫీ వన్డే మ్యాచ్ ఆడింది. మన రికీ భుయ్ 122 కొట్టాడు, అవతల కోహ్లీ 131 కొట్టి మ్యాచ్ లాక్కెళ్లిపోయాడు. ఇంత ఆట జరిగితే చూసిందెవరయ్యా అంటే ఆటగాళ్లు, అంపైర్లు, బోర్డు మనుషులు, అంతే. చిన్నస్వామి స్టేడియంలో ఆడించడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో మ్యాచ్‌ని ఊరి బయట బోర్డు సొంత గ్రౌండుకి మార్చి జనానికి గేట్లు మూసేశారు. టీవీలోనూ వేయలేదు. కారణం అందరికీ తెలుసు, అదే ఏడాది జూన్ 4న చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ భయం న్యాయమైనదే, కాదనను. కానీ పెద్ద ఆటగాడు చిన్న మ్యాచ్‌కి వచ్చిన ప్రతిసారీ మనకి రెండే దారులా అన్నది నా ప్రశ్న. ఒకటి ఇది, గేటు మూయడం. రెండోది 2025 జనవరి చివర్లో ఢిల్లీలో చూశాం. పన్నెండేళ్ల తర్వాత కోహ్లీ రంజీ ఆడుతున్నాడని ఎంట్రీ ఫ్రీ పెట్టారు, పొద్దున్నే గేటు దగ్గర తోపులాట, కొందరికి దెబ్బలు. మర్నాడు ఆయన 6 పరుగులకి బౌల్డ్ అవగానే స్టాండ్లు ఖాళీ!

మూడో దారి ఎలా ఉంటుందో నేనుండే చోట చూశాను, అందుకే ఈ ఉత్తరం.

నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడి తెలుగువాళ్లకి బ్రిడ్జ్‌వాటర్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి, గుడి క్యాంటీన్‌లో దోసె. అదే ఊళ్లో రైల్వే స్టేషన్ పక్కన ఒక బేస్‌బాల్ గ్రౌండు ఉంది, 1999లో కౌంటీ కట్టించింది, పట్టేది ఆరు వేల మందికి కాస్త పైన. సోమర్సెట్ పేట్రియట్స్ అనే జట్టుది ఆ గ్రౌండు. పెద్ద లీగులో ఆడే న్యూయార్క్ యాంకీస్‌కి కింద పెరిగే కుర్రాళ్ల జట్లలో ఇదొకటి, డబుల్-ఏ స్థాయి, అంటే పెద్ద లీగుకి రెండు మెట్లు కింద. మామూలు రోజుల్లో అక్కడ ఆడేవాళ్ల పేర్లు చుట్టుపక్కల వాళ్లకే సరిగ్గా తెలియవు.

2024 జూన్ 4న, మంగళవారం, అక్కడ యాంకీస్ ఆటగాడు గెరిట్ కోల్ పిచింగ్ చేశాడు, మన బౌలింగ్ లాంటిది. క్రికెట్ తప్ప తెలియని పాఠకుల కోసం చెప్తున్నా, అంతకు ముందు ఏడాది అతను అమెరికన్ లీగులో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు తీసుకున్నవాడు, తొమ్మిదేళ్లకి 32.4 కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్నవాడు. మోచేతి నొప్పితో సీజన్ మొదట్నుంచీ ఆడలేదు. ఇలాంటివాళ్లు మళ్లీ పెద్ద మ్యాచ్‌లో దిగే ముందు కింది జట్లలో కొన్ని మ్యాచ్‌లు ఆడి చేయి సరిచూసుకుంటారు, ఇక్కడ రీహాబ్ అంటారు. పిచర్‌కైతే 30 రోజులు, బ్యాటర్‌కైతే 20 రోజులు గడువు. ఏ రోజు ఏ ఊళ్లో ఆడేదీ ముందే చెప్పేస్తారు. చెప్పగానే టికెట్ల కోసం జనం ఎగబడతారు, తిరిగి అమ్ముకునేవాళ్లు రేటు పెంచేస్తారు, అదంతా ఇక్కడా ఉన్న గొడవే.

కానీ గేటు దగ్గర? క్యూ ఉంది, బ్యాగు చూశారు, ఫోనులో టికెట్ చూశారు, లోపలికి పోతే నా సీటు నాకోసం ఖాళీగానే ఉంది. చిన్న గ్రౌండు కాబట్టి కోల్ వార్మప్‌లో వేసే బంతి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో పడుతుంటే ఆ చప్పుడు కుర్చీలో కూర్చున్న మనకి వినిపిస్తుంది, యాంకీ స్టేడియంలో పై అంతస్తులో డబ్బు పోసి కూర్చున్నా ఆ సుఖం దొరకదు. కంచె దగ్గర పిల్లలు బంతి ఒక చేత్తో, మార్కర్ పెన్ను ఒక చేత్తో పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ల వెనక ఆటగాళ్ల బొమ్మల కార్డుల ఫైళ్లు చంకలో పెట్టుకుని పెద్ద మగవాళ్లు, సంతకం చేయించుకుని అమ్ముకునే బాపతు. (వీళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట, పిల్లల్ని పక్కకి నెట్టి మరీ చేయి చాస్తారు.) కోల్ 45 బంతులు వేశాడు, ఐదుగురిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు, నాలుగో ఇన్నింగ్ (మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి) మధ్యలో దిగిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు అక్కడితో ఇంటికి బయల్దేరారు, ఢిల్లీలోలాగే. మిగతావాళ్లు వేరుశనగలు తింటూ కూర్చుని పేరు తెలియని కుర్రాళ్ల ఆట చివరిదాకా చూశారు.

ఇదేదో అమెరికావాళ్ల క్రమశిక్షణ అని మనవాళ్లు అంటారు, నాకు నచ్చని మాట అదే. గొడవ లేకపోవడానికి కారణం చాలా మామూలుది. డబుల్-ఏ జట్టు ఏడాదికి 138 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంత గ్రౌండులో. స్టార్ లేని రోజు కూడా టికెట్ ఉంది, సీటు నంబరు ఉంది, మంచినీళ్లు, బాత్రూము, దారి చూపే మనిషి ఉన్నారు. రోజూ వంద మందికి వండే మెస్సువాడికి ఒకరోజు మూడొందల మంది వచ్చినా చేయి తడబడదు. మన రంజీ మ్యాచ్‌కి మామూలు రోజున గేటు దగ్గర ఎవరున్నారు? ఒక కుర్చీ, ఒక వాచ్‌మన్. అలాంటి గేటుకి ఒకరోజు పొద్దున హఠాత్తుగా కోహ్లీ అభిమానులు వస్తే లాఠీయో, తాళమో తప్ప ఇంకేముంటుంది?

టికెట్ పెట్టినంత మాత్రాన సరిపోదనీ మనకే తెలుసు. 2022 సెప్టెంబరులో ఉప్పల్ మ్యాచ్ టికెట్లు సికింద్రాబాద్ జింఖానాలో కౌంటరు పెట్టి అమ్మితే ఏం జరిగిందో హైదరాబాద్ వాళ్లు మర్చిపోయి ఉండరు. ఆట కాదు, టికెట్ కొనడానికే తొక్కిసలాట. కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో, సీటు నంబరుతో, మనిషికి ఇన్నే అని లెక్క పెట్టి ఇవ్వాలి. ధర యాభయ్యో వందో పెట్టండి, స్కూలు పిల్లలకి ఫ్రీ ఇవ్వండి, కానీ ఫ్రీ టికెట్‌కీ నంబరు ఉండాలి. సీట్లు అయిపోతే అయిపోయాయని ముందు రోజే చెప్పాలి.

జనాన్ని రానిస్తే ప్రమాదమే అనేవాళ్లకి ఇంకో సంగతి. ఆంధ్ర మ్యాచ్ మూసిన తలుపుల వెనక జరిగిన రోజే జైపూర్‌లో రోహిత్ సిక్కిం మీద 155 కొట్టాడు, జనం చూస్తుండగానే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అనంతపురం ఆర్డీటీ గ్రౌండుకి వస్తే శ్రేయస్ అయ్యర్‌నీ రుతురాజ్‌నీ మన సీమ పిల్లలు కళ్లారా చూశారు. టీవీలో చూడ్డానికీ ఇరవై గజాల దూరం నుంచి చూడ్డానికీ ఉన్న తేడా ఆ పిల్లల్ని అడగండి.

అమెరికాలో అంతా బాగుందని నేను చెప్పడం లేదు. కోల్ పక్కన అదే డగౌట్‌లో కూర్చున్న డబుల్-ఏ కుర్రాడి కనీస జీతం 2023లో యూనియన్ ఒప్పందం కుదిరాకే ఏడాదికి 30,250 డాలర్లు అయింది, అంతకు ముందు 13,800. స్టార్ వచ్చిన రోజు జట్టు మొత్తానికి మంచి భోజనం పెట్టించడం ఇక్కడ ఆనవాయితీ, ఆ కుర్రాళ్లకి అదో పండగ. స్టార్లు వచ్చి ఆడినంత మాత్రాన చిన్న గ్రౌండు బతకదు కూడా. యాంకీస్ కెప్టెన్ డెరెక్ జీటర్ అంతటివాడు 2011 జులైలో, తన 3,000వ హిట్‌కి వారం ముందు, ఇక్కడికి దగ్గర్లోని ట్రెంటన్‌లో ఆడాడు. 2020లో యాంకీస్ ట్రెంటన్‌ని వదిలేసి బ్రిడ్జ్‌వాటర్‌తో కలిశారు. అప్పట్లో దేశం మొత్తం మీద ఇలాంటి జట్లని 160 నుంచి 120కి కోసేశారు. మనకి కావాల్సింది ఆ వ్యాపారం కాదు, ఆ గేటు.

ఆంధ్ర క్రికెట్ సంఘం, హైదరాబాద్ క్రికెట్ సంఘం వచ్చే రంజీ సీజన్‌కి ఒక్కో గ్రౌండులో, విశాఖలోనో ఉప్పల్‌లోనో, ఇది మొదలుపెట్టాలి. మొదటి రోజు రెండొందల మంది వస్తారు, రానివ్వండి. నీడ ఉన్న స్టాండు ఒకటి తెరిచి, మంచినీళ్లు పెట్టి, నంబరు టికెట్ ఇచ్చి, తలుపు దగ్గర మర్యాదగా మాట్లాడే నలుగురిని నిలబెడితే చాలు. స్టార్ వచ్చేసరికి ఆ నలుగురికి పని తెలిసి ఉంటుంది, పోలీసులకి కూడా ఎంత మంది వస్తారో ముందు రోజే తెలుస్తుంది.

మీ పత్రికకీ ఒక విన్నపం. రంజీ స్కోరు మర్నాడు ఏ మూలో రెండు లైన్లు వేస్తున్నారు, సంతోషం. మ్యాచ్ ఉందన్న సంగతి ముందు రోజు వేయండి. ఏ గ్రౌండు, ఎన్నింటికి, ఏ గేటు, ఎవరెవరు ఆడుతున్నారు. జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల చోటు చాలు.

ఇట్లు,
ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు