కారం బరకగా వచ్చింది, తప్పు నాదే

మార్చి, ఏప్రిల్‌లో మా గిర్నిలో కారం పట్టించుకున్నవాళ్లకు ఈ మాట. "ఏందన్నా, ఈసారి ఇంత బరకగా ఉంది, రంగు కూడా మాడింది" అని చాలామంది అడిగారు. మిర్చి సరిగా ఎండలేదని చెప్పాను. అబద్ధం. మీ మిర్చిని రాత్రిపూట ఆటోలో వేరే గిర్నికి పంపి పట్టించాను. తేజ, చపాటా రకాల మిర్చి ఏరికోరి కలుపుకొని తెచ్చినవాళ్లకు కూడా అదే గతి పట్టించాను.

కొత్త మిషన్ వస్తోందన్న తొందరలో పాతది ముందే అమ్మేశాను. కొత్తదానికి కరెంటు అదనపు లోడ్ కావాలి. ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాను. కరెంటు వినియోగదారుల హక్కుల మీద కేంద్రం 2020లో తెచ్చిన నిబంధనలు ఉన్నాయి. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి, ఉన్నదాన్ని మార్చడానికి వాటిలో ఉన్న గడువును 2024లో ఇంకా తగ్గించారు. మాలాంటి మునిసిపాలిటీలో 7 రోజులు. నాకు కొత్త స్తంభం అక్కర్లేదు, లైను గుమ్మం ముందే ఉంది. అయినా కరెంటు ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా ఒక కొర్రీ. ఒకసారి సంతకం కలవలేదు, ఇంకోసారి షాపు ఓనర్ ఇచ్చిన కాగితం పాతది.

మూడోసారి ఆఫీసు బయట టీకొట్టు దగ్గర ఒకాయన భుజం మీద చెయ్యేశాడు. "సేటూ, పదిహేను వేలు అనుకో, ఎల్లుండి మీటరు తిరుగుతది."

ఆ రాత్రి గల్లాలోంచి పదిహేను వేలు తీసి కవర్లో పెట్టాను. మా ఆవిడ అంది, "సీజన్ పోతే లక్ష పోతది, పదిహేను వేలకాడ పంతమేంది?" లెక్క ఆమెదే కరెక్టు. కానీ మా నాయన ఇదే గిర్ని ముందు చేతులు కట్టుకొని దసరా మామూళ్లు ఇస్తుంటే చిన్నప్పుడు చూశాను. ఇచ్చాక ఆయన ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. మూడు రోజులు ఆ కవరు జేబులో పెట్టుకొని తిరిగాను. టీకొట్టు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

పసుపు పట్టించడానికి వచ్చిన వకీలు సాబ్ చెప్పాడు, 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చేవాడిదీ నేరమేనట. బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. ఏసీబీ 1064కి ఫోన్ చెయ్యమన్నాడు. వాళ్లు నోట్లకు పౌడరు రాసి పంపుతారు, తీసుకున్నవాడి వేళ్లు సోడా నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. మా గల్లా నోట్లకు పౌడరెందుకు, ముట్టుకున్నవాడి వేళ్లు ఎట్లాగూ ఎర్రబడతాయి.

ఫోన్ చెయ్యలేదు. కేసు కోర్టుకు వచ్చాక సాక్షిగా తిరగాలి, ఆ ఆఫీసుతో రేపు మళ్లీ పని పడుతుంది. ధైర్యం చాలలేదు. డబ్బు మాత్రం గల్లాలో తిరిగి వేసి, కరెంటు వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు తేదీలన్నీ రాసి రిజిస్టర్ పోస్టు చేశాను. లోడ్ మే చివరి వారంలో వచ్చింది. ఆవకాయ కారాలు కూడా అప్పటికే అయిపోయాయి.

"ఆ డబ్బులేవో వాళ్ల మొహాన కొడితే మా కారం బాగుండేది కదా" అని మొన్న ఒకాయన నవ్వుతూ అన్నాడు. పదేళ్లుగా వచ్చే మనిషి. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. నా పంతం ఖర్చు మీ డబ్బాలో పడేసి దాచిపెట్టాను, అది తప్పే. పదిహేను వేలు ఇవ్వకపోవడం తప్పు కాదు. దాని మీద ఎవరు అడిగినా నా మాట ఇదే.

ఆ రెండు నెలల కారం ఇంట్లో మిగిలుంటే తీసుకురండి. ఒక్క పైసా తీసుకోకుండా జల్లెడ పట్టి మళ్లీ ఆడిస్తాను. రంగు మాడినది బాగుపడదు, వాళ్లకు వచ్చే ఏడు కూలి వద్దు. ఈ నెలంతా ఆదివారం కూడా గిర్ని నడుస్తుంది. మిర్చి మీ కళ్ల ముందే ఆడుతుంది, నిలబడి చూసుకోండి.

వేరే గిర్నికి మారినవాళ్లను నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, బయటికి అనను.