తూర్పు తీరంలోనే క్యాపింగ్ స్టాక్ ఉంచాలి

సముద్రంలో చమురు బావి అదుపు తప్పితే దాని నోరు మూసే భారీ పరికరం క్యాపింగ్ స్టాక్‌ను కాకినాడలోనో విశాఖలోనో సిద్ధంగా ఉంచాలి. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు (సముద్రంలో బావి తవ్వే వేదిక) పేలి 11 మంది చనిపోయారు. పైపును కోసి బావిని మూయాల్సిన బ్లోఅవుట్ ప్రివెంటర్ ఆ పని చేయలేకపోయింది. చివరికి క్యాపింగ్ స్టాక్ దింపాకే, 87 రోజులకు చమురు ఆగింది. మన కోనసీమ పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి అదుపు తప్పి నేల మీద, లారీలు వెళ్లగల చోట లేచిన మంటే 65 రోజులు మండింది. ఇక నడిసముద్రంలో అయితే? సింగపూర్‌లో ఉంచిన క్యాపింగ్ స్టాక్ ఓడలో వచ్చేదాకా ఆగలేం. కడప జిల్లాకు సముద్రం లేకపోవచ్చు, కానీ మా పిల్లలు సముద్రంలోని రిగ్గుల మీద కాంట్రాక్టు పనికి పోతున్నారు. మావాడు ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో టెన్షనే. సైరన్ మోగగానే లైఫ్ జాకెట్ వేసుకుని వరుసలో నిలబడి, రిజిస్టర్లో సంతకం పెట్టి వచ్చేస్తారట, డ్రిల్ అంటే అంతే. బావిని మూసే ప్యానెల్ ఎలా పనిచేస్తుందో వాళ్లకు ఒక్కసారీ చూపలేదు. చమురు కంపెనీలన్నీ ఖర్చు పంచుకుని స్టాక్‌ను, దాన్ని మోసే ఓడను, క్రేన్‌ను సిద్ధం చేయాలి. ఏటా ఒకసారి సముద్రంలోకి దింపి చూడాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడా సిమ్యులేటర్ మీద శిక్షణ ఇచ్చాకే రిగ్గు ఎక్కించాలి.

– ఒక రిగ్గు కార్మికుడి తండ్రి, ప్రొద్దుటూరు