అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు

బరంపురం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ, పిల్లలు కులాసా అని తెలిసి సంతోషం. మెడికల్ కాలేజీ వైపు పాత ఇల్లు బేరానికొచ్చిందనీ, బాగు చేయించి అద్దెకిస్తాననీ రాశావు. మళ్ళీ మన ఊళ్ళో నీకో గడప ఉంటుందంటే నాకంటే ఆనందపడేవాడెవడు? కానీ "రంగులకీ టైల్సుకీ నాలుగు లక్షలు చాలవా" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. లెక్క అక్కడ మొదలెట్టకూడదురా. పాత ఇంటి ఖర్చంతా నీళ్ళ చుట్టూ తిరుగుతుంది. పైనుంచి ఎలా దిగుతున్నాయి, కిందనుంచి ఎలా ఎక్కుతున్నాయి, వాడిన నీరు ఎటు పోతోంది అన్నవి తేలాకే రంగుల సంగతి.

శ్లాబుతో మొదలెట్టు. గోపాల్‌పూర్ సముద్రం మనకెంత దూరమని? ఆ ఉప్పుగాలి సిమెంటులోకి దిగి చువ్వల్ని తినేస్తుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కింది పెచ్చుల్ని రాలుస్తుంది. ఇల్లు అమ్మేవాళ్ళు పుట్టీ పెట్టి సున్నం వేస్తే పైకేమీ కనబడదు. చిన్న సుత్తి పట్టుకెళ్ళి సీలింగంతా తట్టించు. డొల్ల చప్పుడు వచ్చినచోట సుద్దతో గీత గీయించి, అదెన్ని చదరపు అడుగులో కొలిపించు. చువ్వ నిండుగా ఉంటే తుప్పు గీకి, పూతవేసి, అతుకుతో సరిపెట్టొచ్చు. సన్నబడిపోతే ఆ శ్లాబుని మరమ్మతు లెక్కలో వెయ్యకు, కొత్త శ్లాబు ఖర్చే వేసుకో. దూలాల ఇల్లయితే గోడలోకి దూరిన కొనల్లో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడాలి. కుళ్ళు అక్కడే మొదలవుతుంది, నడిమధ్య ఎంత నిగనిగలాడినా నమ్మకు. వెనకవైపు రేకులుంటే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన ఊరిమీంచి ఎలా పోయిందో గుర్తు చేసుకో. రేకుల బిగింపుల ఖర్చు తప్పకుండా రాసుకో.

తరవాత గోడలు. చెమ్మ నేలనుంచి నడుమెత్తు దాకా ఉంటే కిందనుంచి ఎక్కుతున్నట్టు, పైన మరకైతే శ్లాబో పైపో కారుతున్నట్టు. రెండింటి వైద్యం వేరు, ఖర్చూ వేరే. సున్నం గోడకి గట్టి సిమెంటు పూత పూయించేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. చెమ్మ బయటికి పోయే దారి లేక ఇంకా పైకెక్కుతుంది, రంగు పొలుసులుగా లేస్తుంది. సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీలు తగ్గిపోయారు గానీ వెతికితే దొరుకుతారు.

కొలతల్లో చాలామంది నేల వైశాల్యమే చూస్తారు. 12 అడుగులు 10 అడుగుల గది అంటే నేల 120 చదరపు అడుగులే. 10 అడుగుల ఎత్తుంటే నాలుగు గోడలూ కలిపి 440! తలుపులూ కిటికీలూ తీసేసినా దాదాపు 400. అరంగుళం పూతకి 100 చదరపు అడుగులకి అర బస్తా పైచిలుకు సిమెంటు, నాలుగైదు ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. పాత గోడలు ఎగుడుదిగుడు కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఇక ముప్పావు అంగుళం పాత పూత ఊడగొడితే ఒక్క గదిలోనే టన్నుకి పైగా రబ్బీసు. మన పాత వీధుల్లోకి లారీ రాదు కదా, తట్టల్లో మోయించాలి. ఆ మోత కూలీ ఎస్టిమేట్లో ఎవరూ రాయరు, నువ్వు రాయించు.

కరెంటు వైర్లు పాతవైతే పూర్తిగా మార్పించు. ఎర్తింగు, షాక్ కొడితే ట్రిప్పయ్యే బ్రేకరు తప్పనిసరి. అద్దెకుండేది ఎవరి పిల్లలో, వాళ్ళ ప్రాణం మన పూచీ.

కొలవగలిగిన పని, అంటే పూత, టైల్సు, చదరపు అడుగు రేటుకివ్వు. విప్పితే గాని తెలియని పని రోజుకూలీకి చేయించు. అంతా కలిపాక అనుకోని ఖర్చులకి పైన 20 శాతం పక్కన పెట్టు. అప్పుడు చూడు: ఇల్లు 30 లక్షలు, మరమ్మతు 6 లక్షలు, అద్దె నెలకి 12 వేలు అనుకుందాం. ఏడాదికి 1,44,000, అంటే పెట్టిన 36 లక్షల మీద 4 శాతం. మరమ్మతు 10 లక్షలైతే 3.6కి దిగుతుంది. నెల ఖాళీగా ఉంటే ఇంకా తక్కువ. ఆదాయపు పన్నులో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దె మీద 30 శాతం మినహాయింపు ఇస్తారు, మరమ్మతుకి నువ్వెంత పెట్టినా అంతే. శ్లాబు లాంటి పెద్ద పనుల బిల్లులు దాచుకో, రేపు అమ్మినప్పుడు కొన్న ధరకి కలుపుకోవచ్చు.

రాయగడలో ఇంకో ఇల్లు చూశానన్నావు. ఆ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల భూములకి ప్రత్యేక రక్షణ ఉన్న చోటు. మన ఒడిశాలో 1956 నాటి నిబంధన ప్రకారం గిరిజనుల భూమి మనబోటివాళ్ళకి అమ్మడం కుదరదు. మూలపత్రాలు వకీలు చూసేదాకా ఆ ఇంటి మరమ్మతు మాటే ఎత్తకు.

ఇక్కడి ఇంటికి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదుగా? ఇవ్వకు. ఇంటివాళ్ళ నంబరు పంపు, గట్టి వాన పడ్డ మర్నాడు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్తాను. ఉమ్మడి గోడ ఉంటే పక్కింటివాళ్ళతోనూ మాట్లాడతాను. గదివారీగా లెక్క రాసి పంపుతాను, దాన్ని పట్టుకుని బేరమాడు.

నీ
బరంపురం బావ